బొమ్మను తిప్పడం, తిరగేయడం: ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆజ్ఞల చరిత్ర

ప్రెజెంటేషన్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లలో బొమ్మ దిశను మార్చడానికి ప్రధానంగా రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి తిప్పడం, అంటే రొటేట్. రెండోది తిరగేయడం, అంటే ఫ్లిప్. తిప్పితే బొమ్మ తన కేంద్రం చుట్టూ కొంత కోణం మేర తిరుగుతుంది. అందులోని అక్షరాలు పక్కకు ఒరిగినా, తలకిందులైనా అక్షరాలుగానే ఉంటాయి. తిరగేస్తే కుడి ఎడమలో, పైకిందలో తారుమారై అక్షరాలు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. గణిత పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని భ్రమణం అనీ, రెండోదాన్ని పరావర్తనం అనీ అంటాయి. పవర్‌పాయింట్‌లో గానీ, లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో గానీ ఇప్పుడివి ఒక్క నొక్కుతో అయ్యే పనులు. కంప్యూటర్ తెర మీద గీసిన రేఖాచిత్రం 1963లోనే తిరిగింది. ఆఫీసు ఉద్యోగి పవర్‌పాయింట్ స్లైడులో అతికించిన ఫొటో మాత్రం 2001 దాకా తిరగలేదు. ఈ రెండు తేదీల మధ్య జరిగిన అసలు మార్పు ఒకటే: బొమ్మలోని చుక్కలను జరపడం మాని, బొమ్మను అలాగే ఉంచి, ఎంత తిప్పి చూపాలో పక్కన రాసిపెట్టుకోవడం.

స్లైడుల కాలం

కంప్యూటర్లు రాకముందు ఈ పనులు చేతితో జరిగేవి. మ్యాజిక్ లాంతరు కాలం నుంచీ ప్రొజెక్టర్‌కు ఒక సహజ లక్షణం ఉంది. దాని కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది, అందుకే గాజు పలకను గానీ ఫిల్మును గానీ ముందే తలకిందులుగా పెట్టాలి. 1960ల ఆరంభంలో కొడాక్ సంస్థ తెచ్చిన కారౌసెల్ ప్రొజెక్టర్‌లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము స్లైడులను గుండ్రటి పళ్లెంలో వరసగా నిలబెట్టేవారు. రెండు అంగుళాల చదరపు చట్రంలో బిగించిన స్లైడును ఆ అరలో ఎనిమిది తీరులుగా పెట్టవచ్చు: నాలుగు అంచుల్లో ఏదైనా కిందికి రావచ్చు, రెండు ముఖాల్లో ఏదైనా ముందుకు రావచ్చు. వాటిలో సరైనది ఒక్కటే. పొరపాటు జరగకుండా స్లైడును చేత్తో పట్టుకుని సరిగ్గా చూసినప్పుడు ఎడమ కింది మూలన ఒక చుక్క పెట్టేవారు. స్లైడును తలకిందులు చేసి పళ్లెంలో దించేటప్పుడు ఆ చుక్క కుడి బొటనవేలి కిందికి వచ్చేది.

ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పరిచే పారదర్శక పత్రాలదీ ఇదే కథ. పత్రాన్ని బోర్లిస్తే గోడ మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు పడేవి. నాలుగు దిశలు, రెండు ముఖాలు కలిసిన ఈ ఎనిమిది స్థితులే తరవాత కంప్యూటర్ ఫైళ్లలోనూ అంకెల రూపంలో చేరాయి.

స్కెచ్‌ప్యాడ్: గీతను సంఖ్యగా చూడటం

తెర మీది బొమ్మను ఇష్టమైన కోణంలో తిప్పిన తొలి ప్రోగ్రాముల్లో ముఖ్యమైనది స్కెచ్‌ప్యాడ్. ఇవాన్ సదర్లాండ్ దీన్ని ఎమ్‌ఐటీలో తన పీహెచ్‌డీ పరిశోధనలో భాగంగా రాసి, 1963లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. లింకన్ ప్రయోగశాలలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద అది నడిచేది. వాడేవాళ్లు లైట్ పెన్నుతో తెర మీద గీసేవారు. బొమ్మను తిప్పడానికి, పెంచడానికి తెర దగ్గరి గుండ్రటి మీటలను తిప్పేవారు. మూలచిత్రం ఒకటి గీసుకుంటే దాని ప్రతులను వేరు వేరు చోట్ల, వేరు వేరు పరిమాణాల్లో, వేరు వేరు కోణాల్లో పెట్టుకోవచ్చు. మూలాన్ని మారిస్తే ప్రతులన్నీ మారేవి. అంటే ప్రతి ప్రతికీ యంత్రం దాచుకున్నది కొత్త బొమ్మను కాదు, స్థానం, పరిమాణం, కోణం అనే వివరాలను మాత్రమే. నేటి ఆఫీస్ ఫైళ్లు పాటిస్తున్న పద్ధతికి మూలం ఇక్కడుంది. ఇలాంటి కృషికి గాను సదర్లాండ్‌కు 1988లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

గీతలను తిప్పడం గణితపరంగా తేలిక. గీతకు రెండు కొనలుంటాయి, ఒక్కో కొనకూ రెండు నిరూపకాలుంటాయి. కోణపు సైన్, కొసైన్ విలువలతో వాటిని గుణించి కూడితే కొత్త స్థానం వస్తుంది. తిరగేయడం ఇంకా తేలిక: అడ్డు నిరూపకం గుర్తు మారిస్తే కుడి ఎడమలు మారతాయి, నిలువు నిరూపకం గుర్తు మారిస్తే పైకిందలు మారతాయి. జరపడం, పెంచడం, తిప్పడం, తిరగేయడం అన్నిటినీ ఒకే మాత్రికలో ఇమిడ్చి, ఒక్క గుణకారంతో పూర్తిచేసే పద్ధతి 1960లలోనే కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో స్థిరపడింది.

చుక్కల బొమ్మతో చిక్కు

ఫొటోలు, తెర మీది చిత్రాలు గీతలతో కాక చుక్కలతో, అంటే పిక్సెళ్లతో తయారవుతాయి. వీటిని 90 డిగ్రీలు తిప్పితే ప్రతి చుక్కకూ కచ్చితమైన కొత్త గడి దొరుకుతుంది. అడ్డు వరసలు నిలువు వరసలవుతాయి, ఏదీ చెడదు. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో డాన్ ఇంగాల్స్ రూపొందించిన బిట్‌బ్లిట్ అనే ఆజ్ఞ చుక్కల దీర్ఘచతురస్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి వేగంగా నకలు చేసేది. దాంతోనే బొమ్మను తిప్పే ఉపాయాన్ని ఆయన 1981 ఆగస్టు బైట్ పత్రికలో వివరించాడు. బొమ్మను నాలుగు సమభాగాలు చేసి, ఒకదాని చోటికి మరొకటి వచ్చేలా జరపాలి. తరవాత ఒక్కో భాగాన్నీ మళ్లీ నాలుగు చేసి అదే పని చేయాలి. భాగం ఒక్క చుక్కంత అయ్యేసరికి బొమ్మ మొత్తం పావు చుట్టు తిరిగి ఉంటుంది.

కోణం 90కి గుణిజం కాకపోతే చిక్కు మొదలవుతుంది. 30 డిగ్రీలు తిప్పిన చుక్క ఏ గడిలోనూ సరిగ్గా కూర్చోదు, నాలుగు గడుల మధ్య పడుతుంది. దగ్గరి గడిలోకి నెడితే అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. చుట్టుపక్కల రంగుల సగటు తీస్తే బొమ్మ కొంచెం మసకబారుతుంది. అదే బొమ్మను పదే పదే తిప్పితే ఆ మసక పేరుకుంటుంది. పైగా తిరిగిన బొమ్మకు చోటు ఎక్కువ కావాలి: 100 చుక్కల చదరాన్ని 45 డిగ్రీలు తిప్పితే దాదాపు 141 చుక్కల వెడల్పు పడుతుంది. 1986లో వాటర్‌లూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ పేత్ దీనికొక చక్కని మార్గం చూపాడు. వరసలను పక్కకు, నిలువు వరసలను పైకిందలకు, మళ్లీ వరసలను పక్కకు జరిపితే చాలు, ఏ కోణమైనా వస్తుంది. మూడు సార్లూ జరిగేది వరసలను ఒరగదీయడమే కాబట్టి లెక్క తక్కువ, చుక్కలు తప్పిపోవు.

మెనూలోకి వచ్చిన ఆజ్ఞలు

ఈ ఆజ్ఞలు మామూలు వాడకందారు చేతికి అందింది 1984 జనవరిలో, మాకింటోష్‌తో పాటు. బిల్ అట్కిన్సన్ రాసిన మాక్‌పెయింట్ ఎడిట్ మెనూలో ఫ్లిప్ హారిజాంటల్, ఫ్లిప్ వర్టికల్, రొటేట్ అనే మూడు పంక్తులుండేవి. బొమ్మలో ఒక భాగాన్ని చుక్కల చట్రంతో ఎంచుకుని వాటిని నొక్కాలి. రొటేట్ పావు చుట్టు మాత్రమే తిప్పేది. 128 కిలోబైట్ల మెమరీ, 512 అడ్డు 342 నిలువు చుక్కల నలుపు తెలుపు తెర ఉన్న యంత్రంలో అంతకంటే ఎక్కువ ఆశించే వీల్లేదు. అదే ఏడాది వచ్చిన మాక్‌డ్రా గీతల ప్రోగ్రాము. అందులో ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, అడ్డంగా తిరగెయ్యి, నిలువుగా తిరగెయ్యి అనే నాలుగు ఆజ్ఞలు అరేంజ్ మెనూలో చేరాయి. ఈ నాలుగే నేటికీ ఆఫీస్ మెనూల్లో కనిపిస్తున్నాయి.

కాగితం మీద ఏ కోణమైనా సాధ్యమైంది పోస్ట్‌స్క్రిప్ట్ వల్ల. అడోబీ సంస్థ స్థాపకులు జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీల ఆధ్వర్యంలో తయారైన ఈ భాష 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్‌తో ప్రచారంలోకి వచ్చింది. పేజీ మీద ఏది గీయాలన్నా ముందు ఆరు సంఖ్యల మాత్రికలోంచి దాటాలి. గీత, అక్షరం, ఫొటో అన్న తేడా దానికి లేదు. అన్నీ ఒకే విధంగా తిరుగుతాయి. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్‌లోని రొటేట్, రిఫ్లెక్ట్ పనిముట్లు ఈ భావన మీదే నిలిచాయి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 1993 నాటి అయిదో సంచికతో బొమ్మలను ఏ కోణంలోనైనా తిప్పగలిగింది.

తెలుగు నాట డీటీపీ కేంద్రాలు చాలాకాలం ఆధారపడ్డది పేజ్‌మేకర్ మీదే. అక్కడ తిరగేయడం అలంకారం కోసం కాదు, ఆఫ్‌సెట్ ప్లేటు చేయడానికి అవసరం. ప్లేటు మీద పరిచే ట్రేసింగ్ కాగితంలో సిరా ఉన్న ముఖం ప్లేటుకు ఆనుకోవాలి. అప్పుడే వెలుతురు పక్కకు పాకకుండా అక్షరం అంచు పదునుగా వస్తుంది. అందుకే ప్రింటు ఇచ్చే పెట్టెలోని మిర్రర్ గడిలో టిక్కు పెట్టి, పేజీని అద్దం అక్షరాలతో తీసేవారు.

విండోస్‌లో జాప్యం

పవర్‌పాయింట్ మొదట మాకింటోష్ ప్రోగ్రామే. ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్ ఊహకు డెన్నిస్ ఆస్టిన్ ప్రధానంగా రూపమిచ్చాడు. 1987 ఏప్రిల్‌లో అది విడుదలైంది. కొన్ని నెలలకే మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొనేసింది. తొలి సంచిక పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌కు నలుపు తెలుపు పత్రాలు తయారుచేయడం. 1990లో విండోస్ 3.0తో పాటు దాని విండోస్ రూపం వచ్చింది.

విండోస్ మాత్రం బొమ్మలు తిప్పడంలో వెనకబడింది. విండోస్ 3.0తో వచ్చిన పెయింట్‌బ్రష్‌లో పిక్ అనే మెనూ ఉండేది. అందులో అడ్డంగా, నిలువుగా తిరగేసే ఆజ్ఞలున్నాయి, ఒరగదీసే ఆజ్ఞ ఉంది, తిప్పే ఆజ్ఞ లేదు. విండోస్ 95 పెయింట్‌లో 90, 180, 270 డిగ్రీల తిప్పుడు చేరింది. ఈ వెనకబాటుకు కారణం విండోస్ లోపలి గ్రాఫిక్స్ వ్యవస్థలో ఉంది. జీడీఐ అనే ఆ వ్యవస్థలో బొమ్మలను కోణంలో గీసే సౌకర్యం విండోస్ ఎన్‌టీకి మాత్రమే ఉండేది; ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా వాడిన విండోస్ 95, 98లలో లేదు.

ఈ లోపం ఆఫీస్ 97లో స్పష్టంగా కనబడింది. ఆ సంచికలో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ మూడూ ఒకే డ్రాయింగ్ వ్యవస్థను పంచుకున్నాయి. సంస్థలో దాని మారుపేరు ఎషర్. చిత్రవిచిత్ర జ్యామితి బొమ్మలు గీసిన డచ్ చిత్రకారుడి పేరు అది. డ్రా మెనూలోని రొటేట్ ఆర్ ఫ్లిప్ వరసలో ఫ్రీ రొటేట్ అనే కొత్త పనిముట్టు ఉంది. దాన్ని ఎంచుకుంటే ఆకారం నాలుగు మూలలా ఆకుపచ్చ చుక్కలు వచ్చేవి, ఏ చుక్కనైనా పట్టుకుని తిప్పవచ్చు. అయితే తిరిగేవి బాణాలు, పెట్టెలు, నక్షత్రాల వంటి ఆకారాలే. ఫొటోను ఎంచుకోగానే ఆ ఆజ్ఞలు మసకబారి నొక్కడానికి వీల్లేకుండా పోయేవి.

దానికి వాడకందారులు రెండు దారులు వెతుక్కున్నారు. క్లిప్ ఆర్ట్ బొమ్మలు చాలావరకు విండోస్ మెటాఫైళ్లు, అంటే గీతల ఆజ్ఞల జాబితాలు. అన్‌గ్రూప్ నొక్కితే, ఇది బయటి నుంచి తెచ్చిన వస్తువు, ఆఫీస్ డ్రాయింగ్‌గా మార్చాలా అని ప్రోగ్రాము అడిగేది. అవునంటే బొమ్మ ముక్కలయ్యేది. మళ్లీ గ్రూప్ చేసి ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు. స్కాన్ చేసిన ఫొటోకు ఆ దారి లేదు. దాన్ని పెయింట్‌లోనో ఫొటోషాప్‌లోనో తిప్పి, సేవ్ చేసి, మళ్లీ స్లైడులో చొప్పించాలి. కోణం నచ్చకపోతే మొదటి నుంచీ అదే పని.

2001: ఫొటో తిరిగిన ఏడాది

2001 మే నెలాఖరున విడుదలైన ఆఫీస్ ఎక్స్‌పీతో ఈ అవస్థ తీరింది. అందులోని పవర్‌పాయింట్ 2002 ఏ రకం బొమ్మ ఫైలునైనా తిప్పగలదు, తిరగేయగలదు. దీని వెనక జీడీఐ ప్లస్ అనే కొత్త గ్రాఫిక్స్ వ్యవస్థ ఉంది. మాత్రికలు, నున్నటి అంచులు, రంగుల సగటు లెక్కలు అందులో పుట్టుకతోనే ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనూ అది భాగమైంది. జీడీఐ ప్లస్‌లో ప్రోగ్రామర్లకిచ్చిన రొటేట్ ఫ్లిప్ ఆజ్ఞకు 16 పేర్లున్నాయి, ఫలితాలు మాత్రం ఎనిమిదే. 180 డిగ్రీలు తిప్పి రెండు వైపులా తిరగేస్తే బొమ్మ మొదటి స్థితికే వస్తుంది. అలా ప్రతి ఫలితానికీ రెండేసి పేర్లు పడ్డాయి.

పని తీరూ మారింది. బొమ్మను ఎంచుకోగానే దాని నెత్తి మీద చిన్న కాడకు ఆకుపచ్చ చుక్క కనిపించేది. దాన్ని పట్టుకుని లాగితే బొమ్మ తిరుగుతుంది. షిఫ్ట్ మీట నొక్కి ఉంచితే 15 డిగ్రీల చొప్పున ఆగుతూ తిరుగుతుంది. ప్రత్యేక పనిముట్టు ఎంచుకునే అవసరం పోయింది. ఆఫీస్ 2013లో ఆ చుక్క స్థానంలో వంపు బాణం గుర్తు వచ్చింది, వాడకం మాత్రం మారలేదు.

లిబ్రేఆఫీస్ కుటుంబంలో ఇంప్రెస్, డ్రా ప్రోగ్రాములు తిప్పడంలో ముందుండేవి. వాటిలో తిప్పే కేంద్రాన్ని కూడా బొమ్మ మధ్య నుంచి కావలసిన చోటికి జరుపుకోవచ్చు. రైటర్‌లో మాత్రం బొమ్మను ఏ కోణంలోనైనా తిప్పే వీలు 2018లో వచ్చిన 6.0 సంచికతో గానీ కలగలేదు. వాక్యాల మధ్య కూర్చున్న బొమ్మ ఒరిగితే చుట్టూ ఉన్న పంక్తులను మళ్లీ సర్దాలి. స్లైడు మీద ఆ బాధ లేదు.

ఫైలులో దాగిన సంఖ్యలు

2006 డిసెంబరులో ఎక్మా ప్రమాణంగా, 2008లో ఐఎస్ఓ ప్రమాణంగా వెలువడిన ఓపెన్ ఎక్స్ఎమ్ఎల్ పద్ధతితో ఈ లెక్కలు అందరికీ చదవడానికి దొరికాయి. పవర్‌పాయింట్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే మీడియా అనే ఫోల్డర్‌లో ఫొటో తిప్పకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. తిప్పిన సంగతి స్లైడు వివరాల్లో ఒక సంఖ్యగా ఉంటుంది. కోణాన్ని డిగ్రీలో 60,000వ వంతుల్లో రాస్తారు: 30 డిగ్రీలంటే 18,00,000, పావు చుట్టంటే 54,00,000. దశాంశ బిందువు లేకుండా సూక్ష్మమైన కోణాలను కూడా పూర్ణాంకాలతో చెప్పడానికి ఈ ఏర్పాటు. తిరగేయడానికి అడ్డం, నిలువు అనే రెండు అవును-కాదు గుర్తులు చాలు.

బొమ్మ చోటునూ పరిమాణాన్నీ తిప్పకముందు ఉన్న చట్రానికే రాస్తారు. నిలువు ఫొటోను పక్కకు తిప్పాక పరిమాణం పెట్టెలో ఎత్తు, వెడల్పు అంకెలు మారకపోవడానికి ఇదే కారణం. ఒక రోజంతా తిప్పినా, తిరగేసినా బొమ్మ నాణ్యత తగ్గదు. ప్రతిసారీ అసలు ఫొటో నుంచే కొత్తగా గీస్తారు.

రెండు పనులూ కలిసినప్పుడు వరస ముఖ్యం. ముందు పావు చుట్టు తిప్పి తరవాత తిరగేస్తే వచ్చేది ఒకటి, ముందు తిరగేసి తరవాత తిప్పితే వచ్చేది మరొకటి. అందుకే 30 డిగ్రీలు ఒరిగిన బొమ్మను అడ్డంగా తిరగేసినప్పుడు పవర్‌పాయింట్ తిరగేసిన గుర్తు పెట్టడంతో పాటు కోణాన్ని 330గా మారుస్తుంది.

పెట్టెలోని అక్షరాలకు వేరే నియమం ఉంది. ఆకారాన్ని అడ్డంగా తిరగేస్తే అందులోని పాఠం మారదు. నిలువుగా తిరగేస్తే తలకిందులవుతుంది గానీ అద్దం అక్షరాలు కాదు. చదవడానికి పెట్టిన పాఠం చదవరాకుండా పోకూడదన్నది ఉద్దేశం. టీషర్టు మీద ఇస్త్రీతో అంటించే ముద్ర వంటి వాటికి అద్దం అక్షరాలే కావాలంటే ఆఫీస్ 2007తో వచ్చిన త్రీడీ రొటేషన్ పెట్టెలో ఎక్స్ కోణం 180 ఇవ్వాలి. అప్పుడు పాఠాన్ని వెనక నుంచి చూసినట్టు గీస్తుంది. తెలుగులో గుణింతాలు, వత్తుల కూర్పు పూర్తయ్యాకే ఈ తిప్పుడు జరుగుతుంది కాబట్టి అక్షరాలు విడిపోవు.

కెమెరా చెప్పే దిశ

డిజిటల్ కెమెరాలతో మరో పొర వచ్చి చేరింది. నిలువుగా పట్టుకుని తీసినా సెన్సర్ ఫొటోను అడ్డంగానే రాస్తుంది. చుక్కలను జరిపే బదులు కెమెరా ఫైలులో ఒక దిశాసూచిక పెడుతుంది. 1992 నాటి టిఫ్ ఆరో ప్రమాణంలో ఉన్న ఈ సూచికకు 1 నుంచి 8 వరకు విలువలున్నాయి. ఎగ్జిఫ్ ప్రమాణం దాన్నే జేపెగ్ ఫొటోలకు తెచ్చింది. 1 అంటే ఉన్నదున్నట్టు, 3 అంటే తలకిందులు, 6 అంటే చూపేటప్పుడు సవ్యదిశలో పావు చుట్టు తిప్పాలి, 8 అంటే అపసవ్యదిశలో. మిగతా నాలుగూ తిరగేసిన స్థితులు.

సూచికను చదివే ప్రోగ్రాము ఫొటోను నిలువుగా చూపుతుంది, చదవనిది పడుకోబెడుతుంది. ఫోన్‌లో సరిగ్గా ఉన్న ఫొటో స్లైడులో పక్కకు ఒరగడానికి చాలాసార్లు కారణం ఇదే. లిబ్రేఆఫీస్ బొమ్మను చొప్పించేటప్పుడే, ఇది తిరిగి ఉంది, సరిచేయాలా అని అడుగుతుంది. విండోస్ ఎక్స్‌పీ ఫొటో దర్శిని మాత్రం చుక్కలనే తిప్పి సేవ్ చేసేది. జేపెగ్ ఫొటో 8 లేదా 16 చుక్కల గడులుగా కుదించి ఉంటుంది. కొలతలు ఆ గడులకు సరిపోతే నష్టం లేకుండా తిప్పవచ్చు. సరిపోకపోతే నాణ్యత శాశ్వతంగా తగ్గవచ్చని అది ముందే హెచ్చరించేది.

తిరగేయడానికి హద్దులు

తిప్పిన బొమ్మ తిరిగి ఉందని చూడగానే తెలుస్తుంది. తిరగేసిన బొమ్మ చాలాసార్లు తెలియదు. స్లైడులో మనిషి పాఠం వైపు చూడాలని ఫొటోను అడ్డంగా తిరగేయడం డిజైనర్లకు అలవాటు. అప్పుడు దుకాణం బోర్డు మీద అక్షరాలు అద్దం అక్షరాలవుతాయి, ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికి వస్తుంది, కారు స్టీరింగు రెండో వైపు చేరుతుంది. పటాలను, ఎక్స్‌రేలను తిరగేస్తే సమాచారమే తప్పవుతుంది. మన జాతీయ జెండా బొమ్మను అడ్డంగా తిరగేసినా తేడా రాదు, 24 ఆకుల చక్రం రెండు వైపులా సమానం. నిలువుగా తిరగేస్తే కాషాయం కిందికి వస్తుంది. కావాలని జెండాను అలా ప్రదర్శించడాన్ని జెండా నియమావళి నిషేధిస్తోంది.

ఈ చరిత్ర ఫలితంగా నేటి స్లైడులో బొమ్మ దిశ మూడు చోట్ల నిర్ణయమవుతుంది: చుక్కల అమరికలో, ఫొటో ఫైలులోని సూచికలో, స్లైడులో రాసిన కోణంలో. మొదటిది మారిస్తే వెనక్కి రావడం కష్టం. రెండోది ప్రతి ప్రోగ్రామూ గౌరవిస్తుందన్న భరోసా లేదు. మూడోది ఎప్పుడైనా సున్నాకు తేవచ్చు, అయితే ఆ పత్రం దాటితే పనిచేయదు. స్లైడు మూటలోంచి ఫొటోను విడిగా బయటికి తీస్తే అది తిప్పకముందు ఉన్నట్టే వస్తుంది. స్లైడు వరకే అయితే మూడోది చాలు. ఫొటో వేరే చోటికి వెళ్లాల్సి ఉంటే మాత్రం చొప్పించకముందే ఫొటో ప్రోగ్రాములో తిప్పి, ప్రతిని వేరుగా దాచుకోవాలి.